నల్లమడి

గట్టు మీద కానుగల కింద రాలిన ఆకు ఊడ్చి గంపకెత్తుతూ ముసలివాడు దొరికిపోయాడు.

పట్టుకున్నవాడు జగన్నాధం. తండ్రి పోయి, పొలం చేతికొచ్చి ఏడాది కాలేదు.

కళింగపట్నం దగ్గర ఆ ఇసకపర్రల నడుమ వాళ్లదొక్కటే నల్లటి మడి. ఊరంతా నల్లమడి అనేవారు.

"మా నాన్న చేతి చలవ" అని చెప్పుకునేవాడు జగన్నాధం.

ఎస్సెల్సీ దాకా చదివాడు కాబట్టి, నేల గురించి కనుక్కోవలసింది ఇంకేమీ లేదనుకున్నాడు.

"ఏరా ముసలోడా, పొయ్యిలోకేనా? నీ అబ్బ సొత్తా?"

"పొయ్యిలోకి కాదు బాబూ, మడిలోకే. ఏటా మాగమాసంలో ఏస్తన్నాను."

నిజమే. మడి మూల నడుమెత్తు ఆకు కుప్ప ఉంది.

"నా మడిలో సెత్త పొయ్యడానికి నువ్వెవడివిరా?"

"నానెవుడినైతే ఏటి బాబూ. అడుగంతా ఇసక. ఆకు తినకపోతే నేల నీరసపడిపోతాది."

జగన్నాధం పగలబడి నవ్వాడు.

"తింటాదా? పెరుగేసి కలిపి పెడతావేటి? యూరియా బస్తాలు తెచ్చినాను. నువ్వూ నీ సెత్తా పొండి."

అగ్గిపుల్ల గీసి కుప్పకు అంటించాడు.

ముసలివాడు చివరి రవ్వ ఆరేదాకా నిలబడి, ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడు వరి విరగపండింది. జగన్నాధం యూరియాకు దండం పెట్టాడు.

రెండో ఏడు సగమే పండింది. బస్తాలు పెంచాడు. నాలుగు వానలకు ఎరువంతా ఇసకలోంచి కిందికి జారిపోయింది.

మూడో ఏడు వారం రోజులు వాన మొహం చాటేసేసరికి మడి మడంతా మాడిపోయింది.

కానుగల గట్టు పక్కన మాత్రం బారెడు మేర పైరు పచ్చగా నిలబడింది. అక్కడ ఆకు తనంతట తనే రాలి, తనంతట తనే కుళ్లింది.

జగన్నాధం పార వేశాడు. నల్లటి మన్ను, తడి, వానపాములు.

రెండడుగులు ఇవతల వేశాడు. తెల్లటి ఇసక.

అప్పుడు గుర్తొచ్చాడు ముసలివాడు. పేరు తెలియదు. తెలుసుకోవాలని తోచిందెప్పుడు గనక!

వాకబు చేసి, చెప్పులు చేత పట్టుకుని పాకకు వెళ్లాడు. ముసలివాడి పెళ్లాం గున్నమ్మ ముంగిట్లో కూర్చుని ఉంది.

"ముసలోడు ఏడే?"

"నిరుటి వానల్లో పోనాడు బాబూ."

జగన్నాధం చెప్పులు కింద పెట్టాడు. "ఆకు ఎంత ఎయ్యాలో, ఎలా కుళ్లబెట్టాలో నీకేటైనా సెప్పినాడా?"

"నానూ మోసినాను గదా. పదైదేళ్లు పట్టింది బాబూ, ఆ ఇసక నల్లబడ్డానికి."

"ఊళ్లో ఇన్ని మడులుండగా, మా మడి మీదే వాడికంత పేణమేటే?"

గున్నమ్మ అతని వంక వింతగా చూసింది.

"మీ నాన్నగోరు ఇసకమేటగా ఉన్నప్పుడు కౌలుకిచ్చి, నల్లమడయ్యాక లాక్కున్నది మావోడి దగ్గరే గదా బాబూ."