పై అంతస్తు ఉయ్యాల

అశోక్ నగర్‌లో కింది గది కిరాయికి తీసుకున్న జ్యోత్స్నకు రాత్రి పదకొండింటికి పైనుంచి కిర్రు కిర్రుమని చప్పుడు వినబడ్డది. పై హాల్లో ఉయ్యాలబల్ల ఊగుతున్నది. ఇంటామె యశోదమ్మ పొద్దున్నే తాళమేసి ఊరికి పోయింది. ఫోన్ చేస్తే నవ్వింది.

"తాళంచెవులు నా కొంగుకే ఉన్నయి బిడ్డా. కిటికీ మూయడం మరిచినట్టున్న, గాలికి ఊగుతున్నదేమో. జరసేపైతే అదే ఆగుతది."

ఆగలేదు. ఫిజిక్స్ లెక్చరర్ పరీక్షకు చదివే పిల్ల, భయాన్ని లెక్కతోనే పోగొట్టుకుందామనుకున్నది. లాప్‌టాప్‌లో సింపై తెరిచింది. సమీకరణం రాసిస్తే తెలియనిదాన్ని తేల్చిచెప్పే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం అది. లోలకం సూత్రం రాసి, ఒక్కో ఊపుకు తాను కొలిచిన 2.8 సెకండ్లు ఇచ్చి, పొడవెంతని అడిగింది. దాదాపు రెండు మీటర్లన్నది. ఉయ్యాల గొలుసులు అంతే ఉంటయి. గాలే అనుకుని ఊపిరి పీల్చుకున్నది.

అంతలో చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఎడం తగ్గింది. మళ్లీ కొలిస్తే రెండున్నర సెకండ్లే. ప్రోగ్రాం ఈసారి ఒకటిన్నర మీటర్లన్నది.

ఇనుప గొలుసులు ఎట్ల పొట్టివైతయి? ఇట్లాంటి ప్రశ్న ఎక్కడో చదివిన గుర్తు. కోచింగ్ నోట్సు తిప్పింది. జవాబు తన చేతిరాతలోనే ఉన్నది: "ఉయ్యాలలో కూర్చుని ఊగే మనిషి లేచి నిలబడితే, ఊపుకు పట్టే సమయం తగ్గుతుంది."

జ్యోత్స్న తలెత్తి పైకప్పు వైపు చూసింది.

యశోదమ్మ అన్నట్టే ఉయ్యాల ఆగింది. ఒక్కసారిగా ఆగింది.