పంపండి – పంపలేం

"నువ్వొస్తానంటే మాకు పండగే కదమ్మా!" అన్నారు రేపల్లె మేనేజరు.

ఆ పూట సెలవు పెట్టి వచ్చిన సౌజన్యని కూర్చోమన్నారు. టీ తెప్పించారు. పాపకి ఎన్నో నెలని అడిగారు.

"ఆరో నెల సార్."

"అయ్యో, పసిగుడ్డు."

సౌజన్య రొయ్యల ల్యాబ్‌లో టెక్నీషియను. రైతులు తెచ్చిన చెరువు నీళ్లూ రొయ్య పిల్లలూ పరీక్ష చేసి జబ్బుందో లేదో చెప్పాలి. కంపెనీ హెడ్డాఫీసు తెనాలిలో. ల్యాబులు రెండు. ఒకటి రేపల్లెలో, ఆమె ఇంటికి పది నిమిషాల దూరంలో. ఆమె ఉద్యోగం మాత్రం రెండోదాంట్లో, బాపట్లలో.

పొద్దున ఆరున్నరకి బయల్దేరి, దారిలో బస్సు మారి వెళ్లాలి. ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. పాప సీసా పట్టదు. మధ్యాహ్నం సౌజన్య ల్యాబ్ బాత్‌రూంలో గడియ పెట్టుకుని పాలు పిండి పారబోస్తుంది. సరిగ్గా ఆ వేళకి ఇంట్లో అత్తగారు సుబ్బరత్నం, గుక్కపెట్టిన పాపని భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతుంటుంది. మొగుడు చేపలవేటకి బోటెక్కితే మళ్లీ వారానికే ఇంటికి.

"మీ కంపెనీ వాళ్లొచ్చి ఇస్తారేంటే దీనికి పాలు?" అంది సుబ్బరత్నం నిన్న. "ఈ వారం చూసి మానెయ్ పిల్లా. పెద్ద కలెక్టరుద్యోగం బయల్దేరింది!"

బదిలీకి రెండు కాగితాలు కావాలి. పంపండి అని రేపల్లె అడగాలి. పంపుతాం అని బాపట్ల ఒప్పుకోవాలి. రెండు నెలల్లో రేపల్లె నాలుగు ఉత్తరాలు రాసింది. బాపట్ల నాలుగింటికీ ఒకటే జవాబిచ్చింది. పంపలేం.

"బాపట్లలో ఒప్పుకోవడం లేదు సార్."

"ఆ బాపట్ల సంగతి నాకు తెలీదా అమ్మా!"

"మీరు తలుచుకుంటే అవుతుంది సార్."

"అందరూ అలాగే అనుకుంటారు. ఈ కుర్చీకి అడిగే అధికారమే ఉంది, లాక్కొచ్చే అధికారం లేదు. ఈసారి గట్టిగా రాస్తాను, చూడు."

ఆమె కళ్లెదుటే రాశారు. 'అత్యవసరం' అన్న మాట కింద గీత గీశారు. కవరుకి స్వయంగా జిగురు పూసి అంటించి ఆమె చేతికిచ్చారు.

అది బుధవారం.

ఇలాంటి చిక్కుల కోసమే కంపెనీ ఆమధ్య తెనాలిలో ఒకరోజు శిక్షణ పెట్టింది. హైదరాబాదు నుంచి వచ్చినాయన తెర మీద బొమ్మలు చూపించాడు. ఒకదానికొకటి పొసగని రెండు అవసరాలు ఎదురైతే ఏదో ఒకటి ఎంచుకోవద్దన్నాడు. రెండింటినీ సమానంగా గౌరవించమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు స్వీట్లతో భోజనం చేశారు. ఆ వాక్యం రేపల్లె మేనేజరు డైరీలో ఉంది. బాపట్ల మేనేజరు డైరీలోనూ ఉంది. పాలు పిండి పారబోసేవాళ్లని ఆ శిక్షణకి పిలవలేదు.

గురువారం బాపట్లలో టీ లేదు. కూర్చోమనడమూ లేదు.

మేనేజరు కవరు చించారు. చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పడేశారు.

"అత్యవసరమంట! రేపల్లె వాళ్లకేం, కూర్చుని రాసేస్తారు. ఇక్కడ రోజుకి ఎనభై శాంపిళ్లు. ఉన్నది మీరు ముగ్గురు. నిన్ను పంపి నేనేం చెయ్యాలి?"

"రేపల్లెలో మాటిచ్చారు సార్."

"ఇచ్చినవాళ్లనే అడుగు."

సౌజన్య ఆయన ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు. తప్పు చేశామనుకునేవాళ్లు కదా తిప్పుకునేది.

"పాప సంగతి మీకు తెలుసు కదా సార్."

"పాపా ముఖ్యమే, ల్యాబూ ముఖ్యమే. నేను కాదన్నానా?"

ఉత్తరం మీద అడ్డంగా రాశారు. పంపలేం. ఐదోసారి.

సౌజన్య సంచిలోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టింది. రాజీనామా. ఏడేళ్ల ఉద్యోగానికి మూడు వరసలు.

పంపడానికి ఒక్క మనిషి కూడా మిగల్లేదన్న ల్యాబ్‌లో, మానేస్తానంటే వద్దన్నవాళ్లు లేరు. మేనేజరు 'ఆమోదించడమైనది' అని రాసి సంతకం పెట్టారు. నిబంధన ప్రకారం కింద 'నకలు: రేపల్లె మేనేజరు గారికి' అని చేర్చారు. అటెండరు కొండలరావు నకలుని కవరులో పెట్టి అంటించాడు.

సౌజన్య పదకొండింటి బస్సెక్కింది. దారిలో రవిక తడిసింది. పైట నిండా కప్పుకుని, పాలు ఇంటిదాకా దాచుకుంది.

ఏడాదిగా సోమ, బుధ, శుక్రవారాలు రేపల్లెలోనూ మంగళ, గురు, శనివారాలు బాపట్లలోనూ మేనేజరు కుర్చీలో కూర్చుంటున్న బసవేశ్వరరావు గారు, మర్నాడు రేపల్లెలో ఆ కవరు చించి చదువుకుని, "బంగారంలాంటి పిల్లని పోగొట్టారు ఈ బాపట్ల వాళ్లు" అని నిజంగానే బాధపడ్డారు.