పగకు దాచిన రాళ్లు

కారు కిందికి దూరడానికి చంద్రశేఖరం గారు ముహూర్తం పెట్టుకున్నారు.

అరసవల్లిలో తరతరాలుగా పంచాంగం చెప్పిన వంశం ఆయనది. రాహుకాలం చూశారు. వర్జ్యం చూశారు. ముందు చక్రాలతో నిమ్మకాయలు తొక్కించారు.

హ్యాండ్ బ్రేకు మాత్రం వేయలేదు.

కారు నేలబారుది. ఇంటి ముందు కాలువ మీదుగా వీధిలోకి ఆయన కట్టించుకున్న సిమెంటు ర్యాంపును, ధర్మేంద్ర అనే ఒకడి ఫిర్యాదు మీద మునిసిపాలిటీ వారు పగలగొట్టారు. నాటి నుంచి గేటు దాటినప్పుడల్లా కారు పొట్ట గట్టుకు రాసుకుని, చివరికి ఆయిల్ చాంబరుకు చిల్లు పడింది.

ఆ ధర్మేంద్ర పేరు తెలుసు గానీ ముఖం తెలియదు. తెలిసి ఉంటే ఈపాటికి కురుక్షేత్రం ముగిసి ఉండేది.

పగిలిన ర్యాంపు ముక్కలను ఆయన పారవేయనివ్వలేదు. గోడవార పేర్పించి, రోజూ సంధ్య వార్చుకున్న తరువాత వాటిని కాసేపు చూసి, పగను తాజా చేసుకునేవారు. అవి శత్రువు శిరస్సుకు అంకితం.

శత్రువు చేసిన గాయాన్ని మెకానిక్కుకు అప్పగించడం వీరధర్మం కాదు గనుక, కారును ఎత్తి నిలపడానికి రెండు ఇనుప ర్యాంపులు తెప్పించి వీధిలోనే వేశారు. చక్రం ఎక్కకముందే బంపరు తగిలింది. ఎత్తు మెల్లగా అందాలని వాటి ముందు పీటలు పరిచారు.

“అవి మన పెళ్లిపీటలండీ” అంది భార్య లక్ష్మీకామేశ్వరి.

“మనల్ని మోసినవి కారుని మొయ్యవా?”

మోశాయి. కారు దిగ్విజయం చేసిన రాజులా తల ఎత్తి నిలిచింది. ఆయన గోనె పరుచుకుని, పానాతో కిందికి దూరారు.

కూరల సంచితో వెళుతున్న ఒక నడివయసు మనిషి ఆగాడు.

“మేస్టారూ, ఎనక చక్రాలకి అడ్డు ఎట్టనేదేటి?”

“పైన సూర్యనారాయణమూర్తి ఉన్నాడు.”

“ఆయన పైనున్నాడు, మీరు కిందున్నారు.”

అతను గోడవారకు వెళ్లి రెండు ముక్కలు ఎత్తాడు.

“అవి ముట్టకు. ధర్మేంద్రగాడి బుర్రకి దాచినవి.”

“ఏటి సేసినాడు?”

“నా ర్యాంపు కొట్టించాడు.”

“అది ఈదిలోకి సగానికొచ్చీసిందట కదా. దాన్ని తన్నుకొని ముసలమ్మొకతె పడిపోనాదంట.”

“పడ్డవాళ్లు లేస్తారు.”

“మంచం మీంచి లెగనేదు మేస్టారూ.”

కారు కింద పానా బోల్టు మీద మరింత కోపంగా తిరిగింది.

అతను చేతుల్లోని ముక్కలను చూశాడు. తరువాత కారు కింద నుంచి బయటికి కనిపిస్తున్న రెండు కాళ్లను చూశాడు.

ఆపైన వంగి, ముక్కలను వెనుక చక్రాల కింద ఇరికించి, మడమతో గట్టిగా తన్నాడు.

బిగిసిన బోల్టు ఒక్క కుదుపుతో వదిలింది. ఆ కుదుపుకు కారు వెనక్కి కదిలింది. వెనుక చక్రాలు సిమెంటు ముక్కలను కరకరా నమిలి, ఆగాయి. ముందు చక్రాలు ర్యాంపుల అంచున నిలిచాయి. చంద్రశేఖరం గారి ఛాతీకీ చాంబరుకూ నడుమ బెత్తెడు గాలి మిగిలింది.

అతను ఆయనను కాళ్లు పట్టుకుని బయటికి లాగాడు.

ఒళ్లంతా నూనెతో లేచి కూర్చున్న చంద్రశేఖరం గారికి ముందు ఊపిరి, తరువాత మాట, ఆ వెంటనే పగ తిరిగి వచ్చాయి.

“ప్రాణదాతవు నాయనా. ఏ బహుమానం ఇచ్చినా తక్కువే. ధర్మేంద్రగాడు దొరికిన రోజున మొదటి రాయి నీ చేతే వేయిస్తాను.”

“ఒద్దు మేస్టారూ. ఆ రాళ్లు అక్కడే ఉండనీండి. తీస్తే కారు దిగిపోతాది.”

సంచి తీసుకుని, మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

ఎదురింటి అరుగు మీద కూర్చున్న బుల్లమ్మ అంతా చూస్తూనే ఉంది.

“ఎవరు బుల్లమ్మా, ఆ పుణ్యాత్ముడు?”

బుల్లమ్మ కొంగు సర్దుకుంది.

“ముందే సెప్తే రాయట్టుకొని ఎల్తారని ఇన్నాళ్లూ సెప్పనేదు బాబూ. ఆ బాబే ధర్మేంద్ర, మీ ర్యాంపు కాడ పడి లెగనేంది ఆళ్లమ్మే.”