పట్టించిన చేప

జ్వరం తగ్గి మూడు నెలలైనా మా అమ్మాయి నాలుకకి రుచి తెలియలేదు. తను జపాన్ వంటల హోటల్లో వంట మాస్టరు. నెలాఖరుకి రుచి రాకపోతే ఆ ఉద్యోగం ఉండదు. పాపం, నేనేం వండి పెట్టినా "బాగుంది నాన్నా" అనేది. నేనూ చెయ్యి తిరిగినవాణ్ణేనని మురిసిపోయాను!

నిన్న వాళ్ళ హోటల్లో చేసే చేప ఇంట్లో నేనే చేస్తానన్నాను.

"మిసో అని ఉప్పటి సోయా ముద్ద ఉంటుంది నాన్నా. పల్చగా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు. ఇక పట్టించుకోకు."

నేనా పట్టించుకోకుండా ఉండేది! ఫ్రిజ్ తీసినప్పుడల్లా ఇంకాస్త పట్టించాను. చివరికి చేప కనబడితే ఒట్టు.

ఇవాళ మధ్యాహ్నం దాన్ని కాల్చి, తెల్ల పళ్ళెంలో దోసకాయ రేకులతో సింగారించి, భుజాన తువ్వాలుతో పెద్ద మాస్టరులా నిలబడ్డాను.

అమ్మాయి ఒక ముక్క నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఛీ! ఉప్పు కషాయం! మనుషులు తినేదేనా నాన్నా ఇది?"

"అయ్యో, పారేస్తానుండమ్మా," అంటూ పళ్ళెం అందుకోబోయాను. నా మట్టిబుర్రకి ఇంకా వెలగలేదు.

తను పళ్ళెం వదల్లేదు. కళ్ళనిండా నీళ్ళతో ఇంకో ముక్క తిని, మళ్ళీ "ఛీ" అంది.

"ఇంకోసారి తిట్టు తల్లీ!" అన్నాను.