క్లారా జీతం

లిస్బన్ హోటల్లో గదులు తుడిచే ఆడమనిషికీ, అదే హోటల్లో పెట్టెలు మోసే మగమనిషికీ జీతంలో ఎంత తేడా ఉందో వీణకి కంఠతా వచ్చు. పక్క కుర్చీలో కూర్చునే అంబరీష్‌కీ తనకీ ఎంత తేడా ఉందో మాత్రం పోయిన వారమే తెలిసింది.

అంబరీష్ బైకు లోను ఫారం నింపి, "ఇంగ్లీషు నీకు బాగా వస్తాది గదా, ఒక తూరి చూడక్కా" అని చేతికిచ్చాడు. తప్పులు దిద్దుతూ దిద్దుతూ వీణ జీతం గడి దగ్గర ఆగిపోయింది. ఇరవై రెండు వేలు. ఆమెకి పదహారు. అతనికి పని నేర్పింది ఆమే.

"నేను అడగలేదక్కా. వాళ్లే ఇచ్చినారు," అన్నాడు నేల చూస్తూ.

ఆఫీసు రాబర్ట్‌సన్‌పేటలో, చెప్పుల షాపు మేడ మీద. తాతలు బంగారం కోసం భూమిలోకి దిగిన ఊళ్లో మనవలు జీతం కోసం మెట్లెక్కుతున్నారు. పని గొప్పదే. యూరప్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లు తమ జీతాల గురించీ, సెలవుల గురించీ అక్కడి ఒక కంపెనీ వెబ్‌సైటుకి ప్రశ్నలు పంపుతారు. వీణా, ఇంకో ఇరవై మందీ ఇక్కణ్ణుంచి జవాబులు రాస్తారు. అందరి జవాబుల కిందా ఒకటే పేరు, క్లారా. అంబరీష్ కూడా క్లారానే.

సూపర్‌వైజర్ శ్రీరామప్ప పెట్టిన నియమాలు కొన్ని ఉన్నాయి. ఇరవై సెకన్లలో జవాబు మొదలవ్వాలి. మన ఊరి పేరు రాయకూడదు. అలసిపోయాననో, అన్నానికి పోతున్నాననో అసలే రాయకూడదు.

"యూరపోళ్లు శానా సున్నితమమ్మా. మనం అన్నం తినలేదంటే బాధపడతారు," అనేవాడు. వాళ్లని బాధపెట్టకూడదన్న మంచి మనసుతోనే మధ్యాహ్నం విరామాన్ని పది నిమిషాలకి కుదించాడు.

పోయిన నెల మార్తా అనే ఆమె రాసింది. పోర్చుగల్‌లో చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ. తొమ్మిదేళ్ల సర్వీసు. మొన్న చేరిన మగవాడికి ఆమెకంటే ఎక్కువ ఇస్తున్నారు. అడిగితే ఉన్న పని ఊడుతుందేమోనని భయం.

వీణ మూడు వారాలు ఆమెని వదల్లేదు. చట్టం వివరించింది. యాజమాన్యానికి ఉత్తరం రాసిచ్చింది. అడగనంతకాలం ఈ తేడా ఇలాగే ఉంటుందని ధైర్యం చెప్పింది. సోమవారం మార్తా జీతం పెరిగింది. "క్లారా, నువ్వు లేకపోతే నేను నోరు తెరిచేదాన్ని కాదు," అని రాసింది. వీణ కళ్లు తుడుచుకుని, ఇరవై సెకన్ల లోపలే సంతోషం తెలిపింది.

ఆ ఊపులోనే లేచి శ్రీరామప్ప దగ్గరికి వెళ్లింది.

"సార్, అంబరీష్‌కీ నాకూ పని ఒకటే. జీతం ఎందుకు వేరే?"

శ్రీరామప్ప కళ్లద్దాలు తీశాడు. "వాడు మగోడమ్మా. రేపు పెండ్లి చేసుకుంటాడు. సంసారం ఈదాల."

"నేను ఇప్పుడే ఈదుతా ఉండాను సార్. ఇద్దరు పిల్లోళ్లు, మా అమ్మ."

"అదే నేను చెప్పేది. నీకు అలవాటైపోయుండాది."

వీణకి నవ్వొచ్చింది. నవ్వలేదు. "మన జవాబులు కొనుక్కునే కంపెనీ యూరప్‌లో ఉండాది గదా. వాళ్లకే రాస్తాను."

"వద్దు." శ్రీరామప్ప గొంతు హఠాత్తుగా తగ్గింది. "వాళ్లకి మన సంగతులు ఎందుకమ్మా? ఇంగ వచ్చే ఏడు చూద్దాంలే."

ఆ కంపెనీకి సమాన వేతనం పాటించినందుకు అవార్డు వచ్చింది. ఆ ఫోటో గోడ మీద, సరిగ్గా శ్రీరామప్ప తల పైనే ఉంది. వీణ దాన్ని ఒకసారి చూసి వెనక్కి వచ్చింది.

మార్తాకి రాసిచ్చిన ఉత్తరాన్నే తెరిచింది. చేపలు తీసేసి ప్రశ్నలు పెట్టింది. తొమ్మిదేళ్లు తీసేసి నాలుగేళ్లు పెట్టింది. పిల్లల సంగతి కలిపింది. కింద మొదటిసారి తన పేరు రాసుకుంది. క్లారా జవాబులు వెళ్లే దారిలోనే కంపెనీకి పంపించేసింది.

"వాళ్లు సమానం చేస్తామని నా జీతం తగ్గిస్తారేమో అక్కా," అన్నాడు అంబరీష్.

"తగ్గిస్తే నీకూ ఒక ఉత్తరం రాసిస్తాలే."

మర్నాడు టిఫిన్ డబ్బా తెరవకుండానే ఎదురుచూసింది. మూడు గంటలకి శ్రీరామప్ప పిలిచాడు. స్క్రీను ఆమె వైపు తిప్పాడు.

యూరప్ నుంచి రెండు ముక్కల్లో జవాబు: "మీరు మాకు అమ్మిన క్లారా సాఫ్ట్‌వేర్ చెడిపోయినట్టుంది, తన పేరు వీణ అనీ, తనకి ఇద్దరు పిల్లలున్నారనీ చెప్పి జీతం అడుగుతోంది, వెంటనే రిపేరు చేయించండి."