గరిజెల పంపకం

చెల్లె సీమంతానికి చేసిన గరిజెలను మడికొండ ఆఫీసులో అందరికీ పంచుతూ, శ్రీలత, సుగుణ టేబుల్ దాటి వెళ్ళిపోయింది.

"నాకియ్యవా?"

"నువ్వు క్యాలరీలు లెక్కపెడ్తానవ్ కదక్కా. మాటిమాటికి అడిగి ఇబ్బంది పెట్టుడెందుకని."

సుగుణ ఐదు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. పాత జాకెట్లు మళ్ళీ పడుతున్నందుకు సంతోషంగానే ఉంది.

"ఒక్కటియ్యి, తింట."

"అయిపోయినయక్కా. నిన్ను వదిలి లెక్కేసి తెచ్చిన."

శ్రీలత మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే సుగుణకు గుచ్చుకుంది.

ఈ ఐదు నెలలూ తన టేబుల్ దగ్గరే ఒంటరిగా తింటున్న ఆమె, ఆ మధ్యాహ్నం డబ్బా పట్టుకొని అందరూ కూర్చుని తినే గదికి వెళ్ళింది. అక్కడ ఐదు కుర్చీలే ఉన్నాయి. ఇదివరకు ఆరు ఉండేవి. తనది ఎప్పుడు తీసేశారో ఆమె గమనించనేలేదు.

"జర జరుగుండ్రి," అని, కుర్చీ తెచ్చుకోవడానికి వెనక్కి తిరిగింది.