పద్నాలుగో నంబరు పుస్తకం

“మళ్ళీ వచ్చారా మేడమ్!” అనేశాడు శశికాంత్. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

కౌంటీ రికార్డుల ఆఫీసు కౌంటర్ అవతల ఆర్లీన్ కింగ్‌బర్డ్ చేతిసంచీ కింద పెట్టి కళ్ళజోడు సర్దుకుంది. డెబ్భై దాటిన మనిషి. ఆ ఊరి పక్కనే ఉండే ఓజిబ్వే అనే అమెరికా ఆదివాసీ తెగ పెద్దావిడ. పద్దెనిమిది రోజులుగా ఆఫీసు తలుపు తెరవగానే ఆమె వచ్చి అడిగేది ఒక్కటే.

“పద్నాలుగో నంబరు సర్వే పుస్తకం చూడాలి.”

“లేదండీ. నిన్నా లేదు, మొన్నా లేదు, ఇవాళా లేదు.”

“అయితే లేదని కాగితం మీద రాసివ్వు.”

శశికాంత్‌కి ఒళ్ళు మండింది. అసలతను ఆ కౌంటీ ఉద్యోగే కాదు. మినెసోటాలో ఉత్తరాన, సెల్ సిగ్నల్ కూడా సరిగ్గా అందని ఆ ఊళ్ళో పాత భూముల రికార్డులన్నీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కాంట్రాక్టు మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. నలభై పుస్తకాల్లో ముప్ఫై తొమ్మిది అయిపోయాయి. ఆ ఒక్కటీ దొరికితే సామాను సర్దుకుని ప్లెయిన్స్‌బరోలో ఇంటికి చేరొచ్చు.

లోపలికెళ్ళి రికార్డుల అధికారి డ్వేన్ హోల్మ్‌ని అడిగాడు. డ్వేన్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

“పాత వరదల్లో తడిసిపోయిందని రాసివ్వు. కింద సంతకం నేను పెడతా.”

“నిన్న ఎలకలు కొట్టేశాయని రాయించారు. మొన్న రాజధానికి పంపామన్నారు!”

“సరే, వరదల్లో తడిశాక ఎలకలు కొట్టాయి,” నవ్వాడు డ్వేన్. “ఎందుకంత ఆవేశం శశీ? వచ్చే శుక్రవారంలోగా స్కానింగ్ పూర్తయిందని సంతకం పెట్టెయ్. కంప్యూటర్‌లో లేనిది ఇక ఎక్కడా లేనట్టే.”

ఆ శుక్రవారం ఏముందో ఊళ్ళో అందరికీ తెలుసు. సరస్సు ఒడ్డున డ్వేన్ బావమరిది కట్టబోయే రిసార్టుకి కౌంటీ బోర్డు ఆ రోజే అనుమతి ఇస్తుంది. ఆర్లీన్ వాళ్ళ రేవు ఉన్నది ఆ ఒడ్డునే. సరస్సు నీళ్ళలో విత్తకుండానే మొలిచే వరి ఒకటుంది. ఏటా వేసవి చివర్లో ఆవిడ వాళ్ళు ఆ రేవు నుంచే పడవలు దించి, కర్రలతో కంకులు తట్టి గింజలు రాల్చుకుంటారు. రేవు వాళ్ళదేనని రాసి ఉన్నది ఆ ఒక్క పుస్తకంలోనే.

డ్వేన్ చెప్పినట్టే శశికాంత్ రాసిచ్చిన కాగితం ఆర్లీన్ తీసుకుని, చదివి, మడిచి సంచీలో పెట్టుకుంది. “రేపొస్తా,” అంది.

సాయంత్రం ఫోన్‌లో భార్య రేణు విసుక్కుంది. “ఎవరి ఊరు, ఎవరి గొడవ! సైన్ చేసి వచ్చెయ్. ఈ కాంట్రాక్ట్ పోతే నీ హెచ్‌వన్‌బీ వీసా సంగతేంటి? అరవై రోజుల్లో ఇంకో జాబ్ వెతుక్కోగలవా?”

ఆమె మాటలో తప్పేం లేదు. అందుకే అతనికి ఇంకా చిరాకేసింది. అమ్మమ్మ వయసు మనిషికి రోజుకో అబద్ధం, అదీ తన చేత్తో రాయించి ఇప్పిస్తున్నారు.

సోమవారం పొద్దున డ్వేన్‌కీ, బోర్డు సభ్యులందరికీ ఈమెయిల్ కొట్టాడు. ఒక పుస్తకం లేదు, అది వచ్చేదాకా సంతకం పెట్టను అని.

గురువారం పొద్దున వచ్చేసరికి టేబుల్ మీద పద్నాలుగో నంబరు పుస్తకం ఉంది.

“బేస్‌మెంట్‌లో బాయిలర్ వెనకాల దొరికింది,” అన్నాడు డ్వేన్. “ఇదే ఒరిజినల్ అని సర్టిఫికెట్ మీద సంతకం కూడా పెట్టాను. ఇప్పుడు తృప్తేనా?”

శశికాంత్ గబగబా పేజీలు తిప్పి, సరస్సు మ్యాప్ దగ్గర ఆగిపోయాడు. ఒడ్డు మొత్తం డ్వేన్ బావమరిది తాతగారి పేరున ఉంది. రేవు ఊసే లేదు.

తొమ్మిదింటికి ఆర్లీన్ వచ్చింది. అతను తలెత్తలేక పుస్తకం ఆవిడ వైపు తిప్పాడు.

“నన్ను క్షమించండి మేడమ్. నేను నోరు మూసుకునుంటే లేదన్న మాటే మిగిలేది. ఇప్పుడు రేవు మీది కాదనే పుస్తకం ఒకటి పుట్టుకొచ్చింది.”

ఆర్లీన్ మ్యాప్ మీద వేలు పెట్టి ఒడ్డు పొడుగునా మెల్లగా నడిపించింది. “డ్వేన్ సంతకం పెట్టాడా?”

“పెట్టాడు. ముద్ర కూడా వేశాడు.”

“ఆ పేజీ కాపీ ఒకటి, ఆ సర్టిఫికెట్ కాపీ ఒకటి ఇవ్వు.”

“ఇంకా కాగితాలెందుకండీ!” దాదాపు అరిచాడు శశికాంత్. “ఇది దొంగ పుస్తకమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. జడ్జి ముందు ఏం పెట్టి నిరూపిస్తారు?”

“రెండూ పక్కపక్కన పెడతాం. వాటి కాగితం, సిరా, డ్వేన్ రోజుకో మాట మీద సంతకం పెట్టిచ్చిన కాగితాలూ చూస్తే ఆయనకే తెలుస్తుంది.”

“రెండా? దీన్ని దేని పక్కన పెడతారు?”

ఆర్లీన్ మొదటిసారి నవ్వింది.

“ఈ ఆఫీసు ఊడ్చే రోజుల్లో మా అమ్మ చెత్తలోంచి తీసి ఇంటికి తెచ్చి దాచిన అసలు పద్నాలుగో నంబరు పుస్తకం పక్కన.”